గోడ మీద ఇంత చోటు

కాంచీపురం రామకృష్ణ మఠంలో ఒకప్పుడు వారానికో సాయంత్రం చదువు సాగేది. ఒక వారం శ్వేతాశ్వతర ఉపనిషత్తు, పై వారం యోహాను సువార్త. సన్యాసులతో పాటు నేల మీద బాసింపట్టు వేసుకుని ఒక ఇంగ్లిష్ మిషనరీ కూర్చునేవారు. పేరు లెస్లీ న్యూబిగిన్. 1936లో ఇండియాకు వచ్చి, తమిళం పట్టుదలగా నేర్చుకున్న మనిషి. ఆ హాలు గోడల మీద వేర్వేరు మతాల మహనీయుల పటాలు వరసగా ఉండేవి. వాటిలో యేసు పటం కూడా ఒకటి. క్రిస్మస్ రోజున ఆ పటానికి పూజ చేసేవారు.

అందులో అమర్యాద ఏమీ లేదు, ఉన్నదంతా గౌరవమే. మామూలు క్రైస్తవుడు చూస్తే 'మా ప్రభువుకూ చోటిచ్చారు' అని సంతోషపడతాడు. న్యూబిగిన్‌కు మాత్రం ఇంకో సంగతి తట్టింది. గోడ ముందే ఉంది. దాని మీద ఎవరి పటం ఎక్కడ ఉండాలో కూడా ముందే తేలిపోయింది. యేసు వచ్చి అందులో ఇమిడిపోయాడు తప్ప, ఆయన రాకతో గోడలో మార్పేమీ లేదు. చాలా ఏళ్ల తరవాత సొంత దేశం వెళ్లి చూస్తే, తనవాళ్లు చేసుకున్నదీ అదేనని ఆయనకు అనిపించింది. సైన్సు, మార్కెట్, వ్యక్తి ఇష్టం వంటివాటితో గోడ కట్టుకుని, మిగిలిన ఖాళీలో ఒక మూల యేసు పటం తగిలించుకున్నారు. ఇండియాలో సులువుగా కనిపించినది ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకు కనిపించలేదు. ఎవరి ఇంటి గోడ వాళ్లకు కనబడదు కదా.

సెక్యులర్ సమాజంలో క్రైస్తవుడిగా బతకడం గురించి మాట్లాడేటప్పుడు 'మాకు వ్యతిరేకత ఉంది, మమ్మల్ని అణచివేస్తున్నారు' అనే మాట తరచూ వినిపిస్తుంది. పశ్చిమ ఐరోపా విషయంలో ఆ మాట పెద్దగా అతకదు. అక్కడ విశ్వాసాన్ని ఎవరూ కాదనరు. దానికి ఇంత అని చోటు కొలిచి ఇస్తారు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. దీనికి బ్రిటన్‌ను మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

ముందుగా 'సెక్యులర్' అనే మాట దగ్గరే ఒక చిక్కు ఉంది. మన దగ్గర సెక్యులర్ అంటే ప్రభుత్వం అన్ని మతాలనూ సమానంగా చూడటం. 1976లో 42వ సవరణతో రాజ్యాంగ పీఠికలోకి వచ్చిన మాట అది. దాన్ని పొగిడేవాళ్లూ తిట్టేవాళ్లూ కూడా చర్చించేది ప్రభుత్వం గురించే. సమాజం మాత్రం నిండా భక్తిలోనే ఉంటుంది, ఆటో అద్దం మీద కూడా దేవుడి పేరు లేకుండా ఉండదు. బ్రిటన్‌లో సరిగ్గా తిరగేసి చూడాలి. ప్రభుత్వం అధికారికంగా క్రైస్తవమే. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌కు రాజే అధినేత, 26 మంది బిషప్పులకు హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో సీట్లు ఉన్నాయి, 2023 మే 6న మూడో ఛార్లెస్ పట్టాభిషేకం వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో నూనె అభిషేకంతో సహా జరిగింది. సర్కారు బడుల్లో రోజూ ఉమ్మడి ఆరాధన జరగాలని, అది ప్రధానంగా క్రైస్తవ పద్ధతిలో ఉండాలని చట్టం ఇప్పటికీ చెబుతోంది, చాలా బడులు మాత్రం దాన్ని పట్టించుకోవు. అంటే అక్కడ రాజ్యానికి మతం ఉంది, సెక్యులర్ అయింది జనం రోజువారీ బతుకు.

ఇంగ్లండ్, వేల్స్ జనాభా లెక్కల్లో క్రైస్తవులమని రాయించుకున్నవాళ్లు 2001లో దాదాపు 72 శాతం. 2011కి 59.3, 2021కి 46.2. ఏ మతమూ లేదన్నవాళ్లు 37.2 శాతానికి చేరారు. ఆ 46 శాతం కూడా కాగితం మీదే. క్రైస్తవులమన్నవాళ్లు రెండు కోట్ల 75 లక్షలు కాగా, చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ ఆరాధనలకు వారం వారం వచ్చేవాళ్లు 10 లక్షల లోపే. కాథలిక్కులను, పెంతెకొస్తు సంఘాలను కలిపినా ఆ దూరం పూడదు. మాంచెస్టర్ ఆర్డ్విక్‌లోని సెయింట్ బెనెడిక్ట్స్ చర్చి ఇప్పుడు తాళ్లు కట్టుకుని గోడలెక్కే ఆట నేర్పే సెంటర్. బ్రిస్టల్‌లో సెయింట్ పాల్స్ చర్చిలో సర్కస్ విద్యలు నేర్పుతున్నారు. కూల్చేయలేదు సరే, కిటికీ అద్దాల మీద పరిశుద్ధుల బొమ్మలను కూడా జాగ్రత్తగా కాపాడుతున్నారు.

కెనడా తత్వవేత్త ఛార్లెస్ టేలర్ ఈ మార్పును లెక్కలతో కాక వేరే రకంగా చూస్తాడు. 1500 ప్రాంతంలో ఐరోపాలో దేవుణ్ణి నమ్మకుండా ఉండటం దాదాపు అసాధ్యం. ఇప్పుడు నమ్మడమే అనేక దారుల్లో ఒకటి, అదీ అంత తేలిక కాని దారి. నమ్మేవాడి పరిస్థితి కూడా మారిపోయిందనేది ఇందులో అసలు పాయింటు. పక్కింట్లో మంచివాళ్లు, సుఖంగా ఉన్నవాళ్లు, దేవుడి ఊసే లేకుండా బతుకుతుంటే, 'నేనెందుకు నమ్ముతున్నాను' అనే ప్రశ్న ప్రతి ఆదివారం ఉదయం మంచం మీదే ఎదురవుతుంది.

ఈ ఆదివారం దగ్గర కాసేపు ఆగాలి. విశ్వాసానికి దక్కిన చోటు ఎంతో ఇక్కడైతే గంటల్లో కొలిచి చూపించవచ్చు.

1924 పారిస్ ఒలింపిక్స్‌లో స్కాట్లండ్ పరుగు వీరుడు ఎరిక్ లిడెల్ ఆదివారం హీట్స్ (తొలి రౌండు పరుగులు) పడ్డాయని 100 మీటర్ల పోటీ వదులుకున్నాడు. షెడ్యూలు నెలల ముందే తెలుసు కాబట్టి 400 మీటర్లకు సాధన చేసి, 47.6 సెకన్లలో బంగారు పతకం కొట్టాడు. తరవాత మిషనరీగా చైనా వెళ్లి, 1945లో జపాన్ నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. ఆ రోజుల్లో అతణ్ణి తిట్టినవాళ్లు ఉన్నారు, కానీ అతని పట్టింపు ఏమిటో ఎవరికీ వివరించాల్సిన పని లేకపోయింది. ఆదివారం అంటే ఏమిటో దేశానికంతా తెలుసు.

తెలిసినంత మాత్రాన అంతా సవ్యంగా ఉందనుకోకూడదు. 1950 షాపుల చట్టం ఆదివారం ఏవి అమ్మవచ్చో, ఏవి కూడదో ఒక జాబితా ఇచ్చింది. దాని ప్రకారం బూతు పత్రిక అమ్మవచ్చు, బైబిల్ అమ్మకూడదు! ప్రభువు దినాన్ని కాపాడే చట్టం వల్ల ప్రభువు వాక్యమే అమ్మకానికి లేకుండా పోయింది. భక్తిని చట్టంతో కాపాడబోతే ఇలాంటి నవ్వులపాలు తప్పవు. 1986లో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం ఆదివారం వ్యాపారం మీద ఆంక్షలన్నీ ఎత్తేయబోతే హౌస్ ఆఫ్ కామన్స్‌లో బిల్లు ఓడిపోయింది. ఓడించినవాళ్లలో చర్చిలతో పాటు కార్మిక సంఘాలూ ఉన్నాయి. దేవుడి కోసం కొందరు, సెలవు కోసం కొందరు. ఎనిమిదేళ్లకు, 1994లో, రాజీ చట్టం వచ్చింది. 280 చదరపు మీటర్లు దాటిన పెద్ద షాపులు ఆదివారం ఆరు గంటలు తెరవచ్చు, పది నుంచి ఆరు లోపు. ఈస్టర్ రోజు మూసేయాలి. ఈ లెక్కలో దేవుడికి మిగిలింది పొద్దున పది వరకు.

అదీ మిగల్లేదు. పిల్లల ఫుట్‌బాల్ లీగులు ఆదివారం ఉదయాన్నే ఉంటాయి. చర్చికి పోటీగా ఎవరో కుట్ర పన్ని పెట్టినవి కావు, గ్రౌండు ఖాళీగా ఉండేది, తల్లిదండ్రులకు తీరిక దొరికేది అప్పుడే. పదేళ్ల పిల్లాడు జట్టులో ఎంపికయ్యాడు. ఆదివారం రానంటే కోచ్ కోప్పడడు, నవ్వుతూ 'ఫర్వాలేదు' అంటాడు, పై వారం ఆ చోటులో ఇంకో పిల్లాడు ఆడతాడు. లిడెల్ కథ విన్న తండ్రికి కూడా ఇక్కడ ఏం చేయాలో తోచదు, ఎందుకంటే ఇది ఒలింపిక్స్ కాదు, చూసేవాళ్లెవరూ లేరు, తప్పుకుంటే త్యాగమనిపించుకోదు, మొండితనం కింద లెక్క. చర్చికి వెళ్లే కుటుంబాలు ఎక్కువగా జారిపోయేది ఇలాంటి చోట. ఒక నెల తప్పుతుంది, తరవాత రెండు నెలలు. ఎవరూ విశ్వాసం వదలరు, అలవాటు పోతుంది. అలవాటు పోయాక విశ్వాసం ఎంతకాలం నిలబడుతుందనేది చర్చి పెద్దలు బయటకు అనుకోవడానికి ఇష్టపడని ప్రశ్న. 1990లలో గ్రేస్ డేవీ అనే బ్రిటిష్ సామాజికవేత్త ఈ స్థితికి పేరు పెట్టింది. నమ్మకం ఉంటుంది గానీ సంఘంలో చేరడం ఉండదని. మొదటి తరానికి అది నిజం. వాళ్ల పిల్లలకు ఆ నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది?

ఉద్యోగం దగ్గర ఈ కొలత కోర్టుల దాకా వెళ్లింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఉద్యోగిని ఒకామె మెడలో చిన్న సిలువ కనపడేలా వేసుకుంటానంది, కంపెనీ కుదరదంది. 2013 జనవరిలో స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ఆమెకు అనుకూలంగా తీర్పిచ్చింది. అదే రోజు, అదే తీర్పులో, సిలువ గొలుసు అడిగిన ఒక నర్సు ఓడిపోయింది. రోగి ఎవరైనా గొలుసు పట్టుకుని లాగితే ప్రమాదం కదా అన్న ఆస్పత్రి వాదన న్యాయమేనని కోర్టు అంది. ఆ ఏడాదే డిసెంబరులో లండన్‌లోని మెర్టన్ కౌన్సిల్ మీద ఒక కేసు తేలింది. పిల్లల సంరక్షణ గృహంలో పనిచేసే ఒకామె ఆదివారం డ్యూటీ చేయనంది. మొదట్లో రెండేళ్ల పాటు సర్దుకున్నారు, తరవాత ఆదివారం డ్యూటీల జాబితాలో వేశారు. అప్పీలు కోర్టు కౌన్సిల్ పక్షానే నిలబడింది. వికలాంగులైన ఆ పిల్లలకు ఆదివారం కూడా ఎవరో ఒకరు అన్నం పెట్టాలి మరి.

ఈ తీర్పులను చూసి క్రైస్తవం మీద దాడి అని గగ్గోలు పెట్టిన పత్రికలున్నాయి. తీర్పులు చదివితే అలా అనిపించదు. ప్రతిచోటా జడ్జీలు నీ విశ్వాసం నిజమే అంటూనే, రెండోవైపు ఉన్నదాన్ని తక్కెడలో వేశారు. ఎయిర్‌వేస్ ఉద్యోగిని సిలువ గెలిచింది, ఎందుకంటే అది వస్తువు. దానివల్ల ఎవరి పనీ ఆగదు. ఆదివారం అలా కాదు, అది కాలం. నా కాలం నేను తీసుకుంటే ఇంకొకరు నా బదులు పనిచేయాలి. ఈ తేడా గమనించదగ్గది. ప్రమాదం లేనంతవరకు మెడలో ఏం వేసుకున్నా సెక్యులర్ సమాజం ఒప్పుకుంటుంది, క్యాలెండర్ జోలికి వస్తే మాత్రం లెక్క అడుగుతుంది.

రాజకీయాల్లో ఆ కొలత ఇంకా బిగుతు. 2003లో ఒక విలేకరి అప్పటి ప్రధాని టోనీ బ్లెయిర్‌ను విశ్వాసం గురించి అడగబోతే, మేం దేవుడి విషయాలు మాట్లాడం అని ఆయన సహాయకుడు అడ్డుపడ్డాడు. 2017లో లిబరల్ డెమొక్రాట్ నాయకుడు టిమ్ ఫారన్, పార్టీ నాయకుడిగానూ బైబిల్‌కు కట్టుబడ్డ క్రైస్తవుడిగానూ రెండూ ఉండటం తనవల్ల కాలేదని చెప్పి రాజీనామా చేశాడు. ప్రచారమంతా విలేకరులు ఆయన్ను స్వలింగ సంపర్కం పాపమా కాదా అని అడుగుతూనే వచ్చారు. 2023లో స్కాట్లండ్ అధికార పార్టీ ఎస్ఎన్‌పీ నాయకత్వ పోటీలో, సంప్రదాయవాద ఫ్రీ చర్చి సభ్యురాలు కేట్ ఫోర్బ్స్‌కూ ఇలాంటి ప్రశ్నలే ఎదురయ్యాయి. ఆమె దాచకుండా జవాబిచ్చి, స్వల్ప తేడాతో ఓడిపోయింది. గెలిచింది హంజా యూసఫ్, ముస్లిం. కాబట్టి మతం ఉండటమే నేరం కాదు. ఇందులో రెండో వైపు కూడా చెప్పాలి. ఇంగ్లండ్‌లో 1967 దాకా పురుషుల మధ్య స్వలింగ సంబంధం జైలుకు పంపే నేరం. ఆ చట్టం వెనక శతాబ్దాల చర్చి బోధన ఉంది. జైలుకు వెళ్లినవాళ్లు, వాళ్ల స్నేహితులు ఇంకా బతికే ఉన్నారు. అటువైపు నుంచి చూస్తే ఆ ప్రశ్న అడగడం వేధింపుగా కనిపించదు, పాత దెబ్బ గుర్తుంది అంతే.

ఇంకో రకం గౌరవం కూడా ఉంది. పేరుమోసిన నాస్తికుడు రిచర్డ్ డాకిన్స్ 2024లో తాను సాంస్కృతిక క్రైస్తవుణ్ణని చెప్పుకున్నాడు. క్రిస్మస్ పాటలు, పాత కెథీడ్రల్స్ ఇష్టమట, నమ్మకం మాత్రం ఒక్క ముక్క లేదట. కొందరు క్రైస్తవులు మురిసిపోయారు కూడా. కాంచీపురం సన్యాసులు కనీసం ఆ పటానికి పూజ చేసేవారు.

పోయినదాన్ని తలుచుకుని మరీ కుమిలిపోవాల్సిన పనీ లేదు. 1559లో మొదటి ఎలిజబెత్ తెచ్చిన చట్టం ప్రకారం ఆదివారం చర్చికి రానివాడికి 12 పెన్నీల జరిమానా. జరిమానాకు భయపడి నిండిన గుడిని విశ్వాసం అనగలమా? సొంతంగా సంఘాలు పెట్టుకున్న బాప్తిస్టులు, కాంగ్రిగేషనలిస్టుల పిల్లలకు 1850ల దాకా ఆక్స్‌ఫర్డ్ చదువే దక్కలేదు. 'సెక్యులరిజం' అనే మాటను 1851లో పుట్టించిన జార్జ్ హోల్యోక్ అంతకు తొమ్మిదేళ్ల ముందు దైవదూషణ నేరం మీద ఆరు నెలలు జైల్లో ఉన్నవాడు. ఈయన సొంతూరు బర్మింగ్‌హామ్.

న్యూబిగిన్ చివరికి చేరిందీ అదే ఊరు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, అంటే మన సీఎస్ఐ, పుట్టింది. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ సంప్రదాయపు (ఆంగ్లికన్) డోర్నకల్ సంఘాలనూ మెథడిస్టు మెదక్ సంఘాలనూ ఒక్క గొడుగు కిందికి తెచ్చిన కలయిక అది. ఆ రోజు అభిషేకం పొందిన బిషప్పులలో 37 ఏళ్ల న్యూబిగిన్ ఒకరు. 1974లో రిటైరై, భార్యతో కలిసి చేతి సామానుతో మద్రాసు నుంచి బస్సులు మారుతూ ఇంగ్లండ్ చేరుకున్నారు. 1980లో, డెబ్బై దాటాక, బర్మింగ్‌హామ్ విన్సన్ గ్రీన్‌లో జైలు ఎదుట ఉన్న ఒక చిన్న సంఘాన్ని మూసేస్తారంటే, జీతం లేకుండా కాపరిగా, అంటే పాస్టరుగా, కుదిరారు. ఇంటింటికీ తిరిగేవారు. ఆసియా కుటుంబాలు తలుపు తీసి కూర్చోబెట్టేవి. తెల్లవాళ్ల ఇళ్ల దగ్గర మర్యాదగా, చల్లగా, తలుపు మూసుకునేది. ఇండియాలో ఎదుర్కొన్న వ్యతిరేకత కంటే ఈ చల్లని తిరస్కారం భరించడం కష్టమని ఆయన రాసుకున్నారు. వాదించేవాడితో మాట్లాడవచ్చు, పట్టనివాడితో ఏం మాట్లాడతాం?

ఆయన తేల్చిందేమంటే, ఇలాంటి చోట సువార్తకు వివరణ పుస్తకాలతో రాదు. దాన్ని నమ్మి, దాని ప్రకారం బతికే ఒక సంఘం కళ్లెదుట ఉండాలి. అది చూసి ఎవరికైనా ప్రశ్న పుట్టాలి, అప్పుడు జవాబుకు విలువ. అందరూ ఒప్పుకోనక్కర్లేదు. కానీ సంఖ్య గురించి బెంగపడటం కంటే ఇది పనికొచ్చే ఆలోచన. ఇప్పుడు బ్రిటన్‌లో ఎన్నో ఫుడ్‌బ్యాంకులు నడిచేది చర్చి హాళ్లలోనే. సరుకుల కోసం వచ్చేవాణ్ణి నువ్వు ఏం నమ్ముతావని ఎవరూ అడగరు. పప్పు డబ్బాలు సర్దుతున్న ముసలమ్మ ఈ పని ఎందుకు చేస్తోందో మాత్రం ఒక్కోసారి అతనే అడుగుతాడు.

ఇక మనవాళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు, నర్సింగుకు, చదువులకు వెళ్లిన తెలుగు క్రైస్తవ కుటుంబాలకు బ్రిటన్‌లో తగిలే మొదటి దెబ్బ నాస్తికత్వం కాదు, నిశ్శబ్దం. ఊళ్లో ఆదివారం అంటే పొద్దున్నే మైకులో పాట, తెల్లచీరలు, పేట మొత్తం కదిలి వెళ్లడం. రాకపోతే మధ్యాహ్నానికి పాస్టరమ్మగారు గుమ్మంలో ఉంటారు. తరతరాలుగా ఊరి చివర ఉన్నవాళ్లకు ఆ మందిరం భక్తితో పాటు పరువు కూడా ఇచ్చింది. అక్కడ అవేమీ లేవు. వెళ్లకపోతే అడిగేవాళ్లు లేరు, వెళ్తే చూసేవాళ్లు లేరు. హైదరాబాద్‌లో హైటెక్ సిటీ చుట్టుపక్కల ఒంటరిగా ఉంటూ నైట్ షిఫ్టు చేసి ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకునే కుర్రాడికి కూడా ఈ నిశ్శబ్దం కొంత తెలుసు. యూట్యూబ్‌లో ఆరాధన నడుస్తుంటుంది, పక్కన టిఫిన్ వస్తుంది, ప్రసంగం సగంలో ఫోన్ మోగుతుంది.

అందుకే అక్కడ తెలుగు సంఘాలు చాలాచోట్ల మధ్యాహ్నం కూడతాయి. పొద్దున ఇంగ్లిష్ సంఘం పదిమంది ముసలివాళ్లతో ఆరాధన ముగించుకున్నాక, అదే హాలు గంటల లెక్కన అద్దెకు దొరుకుతుంది. నైట్ డ్యూటీ దిగి రెండు గంటలు నిద్రపోయి వచ్చిన నర్సు వెనక వరసలో కూర్చుంటుంది. స్క్రీన్ మీద 19వ శతాబ్దపు పురుషోత్తమ చౌదరి కీర్తన ఇంగ్లిష్ అక్షరాల్లో పడుతుంది, ఎందుకంటే పిల్లలకు తెలుగు చదవడం రాదు. ప్రసంగం తెలుగులో జరుగుతుంటే వాళ్లు పక్కగదిలో ఇంగ్లిష్‌లో సండే స్కూలు చదువుతారు. ఆ పిల్లల్లో ఒకడు పొద్దున ఫుట్‌బాల్ ఆడి వచ్చాడు, సాక్సులకు ఇంకా బురద ఉంది. వాళ్లమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. మధ్యాహ్నం ఆరాధన వల్ల రెండూ కుదిరాయి. ఇరవయ్యేళ్ల తరవాత ఈ పిల్లాడు ఏ భాషలో ప్రార్థిస్తాడు, అసలు ప్రార్థిస్తాడా అనేది ఆ గదిలో అందరికీ ఉన్న టెన్షన్, ఎవరూ పైకి అనరు.

బల్లారాధన (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు భోజనం) అయ్యాక పులిహోర, చికెన్ డబ్బాలు తెరుచుకుంటాయి. నాలుగున్నరకు హాలు ఖాళీ చేయాలి, ఐదింటికి యోగా క్లాసువాళ్లు వస్తారు. మగవాళ్లు కుర్చీలు మడిచి గోడకు ఆనిస్తారు, ఎవరో నేల తుడుస్తారు, పులిహోర వాసన పోవడానికి ఒకామె చలిలోనే కిటికీలు తెరుస్తుంది.